కట్టు లేని కర్ర

దాలమ్మకి యాభై దాటాయో, ఇంకా దాటలేదో ఆవిడకే సరిగ్గా తెలీదు. పెద్ద తుపానొచ్చి తాటిచెట్లన్నీ పడిపోయిన ఏడు పుట్టావని వాళ్ళమ్మ చెప్పేది. ఆ తుపాను ఎప్పుడొచ్చిందంటే ఊళ్ళో ఒక్కొక్కళ్ళు ఒక్కో లెక్క చెప్పేవారు. ఏదైతేనేం, 1968 వేసవి నాటికి ఆవిడకి ముగ్గురు మనవలు, రెండు మోకాళ్ళ నొప్పులు, ఊరంతటినీ ఒక్క కేకతో అదిలించగల గొంతు ఉన్నాయి. ఆ వయసులో ఆవిడ కెరటాలెక్కడం మొదలుపెట్టిందని తెలిసి చినదిబ్బలపాలెంలో సగంమంది నవ్వారు, మిగతా సగంమంది మొహాలు ముడుచుకున్నారు. నవ్వినవాళ్ళతో ఏ పేచీ లేదు. వచ్చిన చిక్కంతా మొహాలు ముడుచుకున్నవాళ్ళతోనే.

విజయనగరంలో బస్సెక్కి, దారిలో దిగి, సరుగుడు తోటల్లోంచి మూడుమైళ్ళు ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ నడిస్తే ఆ ఊరొస్తుంది. అంత కష్టపడి వెళ్ళి చూడ్డానికి అక్కడేముందంటే, సముద్రముంది. మంచి సముద్రం. అడుగున రాయన్నది లేదు, అంతా మెత్తటి ఇసక. కెరటం ఎక్కడో దూరాన లేచి, తొందరేమీ లేనట్టు నిదానంగా విరుగుతూ గట్టుదాకా వస్తుంది. గట్టుపక్క మొదటి వరస కెరటాల్లో నాలుగేళ్ళ పిల్లలు దుంగమీద బోర్లాపడుకుని జారుతారు. నడుంలోతు దాటాక రెండో వరసలో కుర్రాళ్ళు మోకాళ్ళమీద లేస్తారు. ఆ అవతల మూడో వరస మీసాలొచ్చిన మొగాళ్ళది. దాన్ని పెద్దకెరటం అంటారు. వాళ్ళు దుంగమీద నిలబడి, చేతులు చాపి, పెళ్ళివారిలా దర్జాగా వచ్చి గట్టున దిగుతారు. ఎవరి శక్తికి తగ్గ కెరటం వాళ్ళకి అక్కడ దొరుకుతుంది.

ఎక్కే దుంగ తెప్పలోదే. నాలుగైదు తేలిక దుంగల్ని పక్కపక్కన చేర్చి కొబ్బరితాళ్ళతో బిగించి కడితే తెప్ప. ఆ ఊరివాళ్ళ కూడూ గుడ్డా దానిమీదే వస్తాయి. తెప్పదుంగ విరిగిపోతే పారెయ్యరు, ఆరడుగుల ముక్క చెక్కి కెరటాలెక్కడానికి ఉంచుకుంటారు.

ఆ ఆటలో ఆడవాళ్ళు లేరు. తెప్పమీద ఆడది కాలుపెడితే గంగమ్మకి కోపమొస్తుందని, వలలో చేప పడదని ఊరి కట్టుబాటు. విరిగినా అది తెప్పదుంగే కదా అని ఆటకీ అదే మాట పెట్టారు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ఆడవాళ్ళ చేతిలో ఓడిపోతానని భయపడ్డ మొగాడెవడో అయివుంటాడు.

అందుకని దాలమ్మకి సముద్రం గట్టుమీంచే తెలుసు. వేకువనే మొగుడు గంగులు, ఇద్దరు కొడుకులు తెప్ప తోసుకుని లోపలికి పోతారు. తెప్ప పెద్దకెరటం దాటేదాకా ఆవిడ దిబ్బమీద నిలబడుతుంది. పొద్దెక్కి తెప్పలు తిరిగొచ్చే వేళకి మళ్ళీ అదే దిబ్బమీద, కళ్ళకి చెయ్యి అడ్డంపెట్టుకుని నిలబడుతుంది. ఆలస్యమైతే అక్కణ్ణుంచి కదలదు. వచ్చాక చేపలు గంపకెత్తుకుని పై ఊళ్ళకి వెళ్ళి, రైతుల ఇళ్ళలో వడ్లకీ మిరపకాయలకీ మార్చుకొస్తుంది. పెళ్ళయినప్పట్నుంచి ముప్పైఅయిదేళ్ళుగా ఇదే పని. ఇన్నేళ్ళలో ఆవిడ మోకాలిలోతు దాటి నీళ్ళలోకి వెళ్ళింది లేదు.

ఆ ఏడాది మాఘమాసంలో చిన్నకొడుక్కి పెళ్ళయింది. కోడలు నీలవేణిది నాగావళి సముద్రంలో కలిసేచోటి ఊరు. అక్కడి ఆడపిల్లలు తామే దోనె తోసుకుని ఏరు దాటి సంతకి పోతారు. ఆ పిల్లకి నీళ్ళంటే భయం లేదు. అత్త అంటే కూడా పెద్దగా భయం ఉన్నట్టు కనిపించేది కాదు.

ఒకరోజు పొద్దున్నే పొయ్యి వెలగలేదని, కోడలు కనిపించలేదని దాలమ్మ వెతుక్కుంటూ బయల్దేరింది. మొగాళ్ళంతా అప్పటికే సముద్రంమీదికి పోయారు. ఆవిడ నోట్లో అలవాటు ప్రకారం చుట్ట ఉంది. ఆ ఊరి ఆడవాళ్ళు చుట్టని నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. గాలికీ తుంపరకీ ఆరిపోదు. దిబ్బ దాటి దక్షిణంగా వెళ్ళేసరికి నీలవేణి చీర గోచీపోసి బిగించుకుని, దుంగమీద నిలబడి, రెండో వరస కెరటంమీద గట్టుకి వస్తోంది.

దాలమ్మ అక్కడే పడున్న కర్రముక్క ఒకటి అందుకుని నీళ్ళలోకి దిగింది.

"ఒలే నీలేణీ! ఎసరెట్టమని సెప్తే ఇక్కడికొచ్చి కోతిలాగ గెంతుతన్నావేటి? దిగు ముందు. మీ మావ సూస్తే నన్నంతాడు, నిన్ననడు."

కోపంలో ఎంత లోతుకి వచ్చిందో చూసుకోలేదు. పక్కనుంచి కెరటమొచ్చి ఆవిణ్ణి నిలువునా పడేసింది. చేతికి ఏదో తగిలితే గట్టిగా పట్టుకుంది. అది దుంగ. వెనకనుంచి ఇంకో కెరటం లేచి దుంగనీ, దుంగమీద బోర్లాపడ్డ దాలమ్మనీ కలిపి ఎత్తుకుని, గట్టుమీద తడి ఇసకలో దించి పోయింది.

నీలవేణి పరుగెత్తుకుంటూ వచ్చింది. అత్త జుట్టు ఊడిపోయి మొహంనిండా ఉంది. ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. చుట్ట ఏమైందో గంగమ్మకే తెలియాలి.

"అత్తా, దెబ్బ తగిలిందేటి?"

దాలమ్మ నోట్లో ఇసక ఉమ్మేసింది. తను ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చిందో ఓసారి వెనక్కి తిరిగి చూసుకుంది. జుట్టు ముడేసుకుంది.

"ఇంకోపాలి," అంది.

మర్నాటినుంచి తెప్పలు పెద్దకెరటం దాటగానే అత్తాకోడళ్ళిద్దరూ దిబ్బ దాటి అవతలికి వెళ్ళడం మొదలుపెట్టారు. మూడోనాటికి పక్కింటి తవిటమ్మకి అనుమానమొచ్చి వెంటపడింది. తవిటమ్మది బక్కప్రాణం, పిరికిగుండె. మొదటి వరసలో పిల్లల కెరటాలమీద బోర్లాపడుకుని, కళ్ళు మూసుకుని, గంగమ్మ పేరు పైకి తలుచుకుంటూ జారేది. ఆవిడకి అంతే చాలు. ఎప్పుడూ మొదటి వరస దాటనూ లేదు, ఒక్కరోజు మానుకోనూ లేదు.

దాలమ్మకి అది చాలలేదు. రెండో వరసకి వెళ్ళింది. అక్కడే తంటా వచ్చిపడింది. ఆవిడ ఒళ్ళు బరువు, దుంగేమో నున్నన. మోకాళ్ళమీద లేచేసరికి చేతులు జారిపోయేవి. రోజుకి పదిసార్లు పడేది, పదిసార్లూ దుంగని తిట్టేది. మోచేతులూ మోకాళ్ళూ గీరుకుపోయాయి.

"ఒళ్ళంతా ఆ గీరుడ్లేటి?" అని ఓ సాయంత్రం గంగులు అడిగాడు.

గంగులు మెతకమనిషి. దాలమ్మ మాట్లాడుతుంటే ముప్పైఅయిదేళ్ళుగా వింటూ వస్తున్నవాడు. ఆవిడకి అబద్ధం చెప్పడం చేతకాదు. ఉన్నదంతా చెప్పేసింది. చెప్పి, తిడతాడేమోనని చూసింది. గంగులు ఏమీ అనలేదు. అన్నం తినేటప్పుడూ అనలేదు, పడుకునేటప్పుడూ అనలేదు. పొద్దున్న ఆవిడ వెళ్ళి చూసేసరికి దుంగకి ముందుభాగంలో కొబ్బరితాడు రెండు చుట్లు చుట్టి, చేతికి పట్టు దొరికేలా బిగించి ముడేసి ఉంది. ఆ తాడు గురించి ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. వాళ్ళ కాపురం మొదట్నుంచీ అలాగే నడిచింది.

తాడు దొరికాక దాలమ్మని పట్టుకునేవాళ్ళు లేకపోయారు. వారంరోజుల్లో రెండో వరసమీంచి మోకాళ్ళమీద గట్టు చేరింది. ఇంకో పదిరోజులకి నీలవేణిని వెంటబెట్టుకుని పెద్దకెరటందాకా వెళ్ళింది. నిలబడలేదు. నిలబడాలంటే తాడు వదలాలి, వదలడానికి చేతులు ఒప్పుకునేవి కావు. మోకాళ్ళమీదే వచ్చేది. అయినా అంత దూరంనుంచి, అంత ఎత్తుమీంచి రావడమంటే మాటలు కాదు. పెళ్ళిలో కూడా తనకింత సంతోషం లేదని తవిటమ్మతో చెప్పేసింది.

పెద్దకెరటం అవతల దుంగమీద పడుకుని కెరటంకోసం చూస్తున్నప్పుడు ఓరోజు గట్టువైపు కళ్ళు తిరిగాయి. తాటాకు ఇళ్ళు అరచెయ్యంత కనిపిస్తున్నాయి. ఆరేసిన వలలు, వాటి వెనక దిబ్బ కనిపిస్తున్నాయి. దిబ్బమీద తను రోజూ నిలబడేచోటు ఖాళీగా ఉంది. తెప్పమీంచి మొగాళ్ళకి తను ఇంత చిన్నగా కనిపించేదన్నమాట. వాళ్ళు చూసేవాళ్ళో లేదో. అంతలో కెరటమొస్తే ఎక్కి వచ్చేసింది.

ఇది నెలరోజులు సాగింది. తర్వాత పోతురాజు చూశాడు.

పోతురాజు ఆ ఊళ్ళో అందరికంటే ముందు నైలాను వల కొన్నవాడు. అప్పట్నుంచీ తన మాటకి బరువు పెరిగిందని అతని నమ్మకం. మడమలో సెగ్గడ్డ లేచి ఆ పూట సముద్రంమీదికి వెళ్ళక, కుంటుకుంటూ దిబ్బెక్కి కూచున్నాడు. ముగ్గురు ఆడవాళ్ళు ఒక్క దుంగతో వంతులవారీగా కెరటాలెక్కుతున్నారు. అందులో ఒకావిడ ఊరిపెద్ద సూరయ్య మరదలు. అంతకు మూడురోజులుగా ఎవరి వలలోనూ చెప్పుకోదగ్గ చేప పడలేదు. పోతురాజు ఆ రెండింటినీ ఒక్కక్షణంలో ముడిపెట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే వలల పాకలో ఊరు కూడింది. సూరయ్య గంగులికి సొంత అన్న. డెబ్భై దాటినవాడు. ఒకప్పుడు పెద్దకెరటంమీద ఆయన్ని మించినవాడు లేడని చెప్పుకుంటారు. తుంటి పాడై నాలుగేళ్ళుగా ఇసకమీదే ఉన్నాడు. మాట నెమ్మది, కానీ ఒకసారి అన్నాడంటే ఊరికి అదే చట్టం. అన్నమాట తనే దాటడని కూడా పేరు.

దాలమ్మ పాకలోకి వస్తూ నోట్లో చుట్ట తీసి గుప్పిట్లో దాచుకుంది. బావగారి ముందు చుట్ట తాగకూడదు.

"మూడ్రోజులై వల్లో పీత కూడా పడనేదు మావా," అన్నాడు పోతురాజు సూరయ్యతో. "ఎందుకు పడతాది? ఆడోళ్ళు తెప్పెక్కతన్నారు. నా కళ్ళతో నాను సూసినాను. దుంగని వలలకి రంగు కాసే పొయ్యిలో ఎట్టించు. ఇంక ఆడోళ్ళు నీళ్ళల్లో దిగకుండా కట్టడి సెయ్యి."

"తెప్పెవులెక్కినారు?" అంది దాలమ్మ.

"నువ్వే."

"నానెక్కనేదు. బావా, నానొక మాట అడగతాను, సెప్పు. తెప్పంటే ఏటి?"

డెబ్భై ఏళ్ళలో సూరయ్యని ఎవరూ అడగని ప్రశ్న అది. ఆయన కాసేపు ఆలోచించాడు. "తెప్పంటే తెప్పే," అన్నాడు.

"అలగ కాదు. ఈ పొద్దు మీ తమ్ముడు సముద్రంమీంచి వచ్చి, తాళ్ళిప్పేసి, దుంగలు ఏటికాటి ఇడదీసి ఎండలో ఆరబెట్టినాడా? ఆ దుంగమీద నాను కూకుని సేపలు కోసినాను. లక్ష్మణమ్మప్ప కూడా నా పక్కనే కూకుంది. మేం రోజూ కూకుంటాం. గంగమ్మకి కోపమొచ్చిందని ఎవులూ అన్నేదు. అది తెప్పా?"

లక్ష్మణమ్మ సూరయ్య పెళ్ళాం. ఆవిడ వెనకనుంచి "అవును, కూకుంటాం," అని అందించింది.

"అది తెప్ప కాదు," అన్నాడు సూరయ్య. "ఇడిగా ఉంటే కర్ర. కట్టు పడితే తెప్ప, కట్టు ఇప్పితే కర్ర. మా తాత అదే సెప్పేవోడు."

"మరి మాది ఒక్క దుంగ. ఒక్కదానికి కట్టెక్కడిది బావా? మేం ఎక్కింది కర్ర."

పాకలో నవ్వులు లేచాయి. తవిటమ్మ ధైర్యం తెచ్చుకుని ఒకడుగు ముందుకి కూడా వచ్చింది. పోతురాజు లేచి, కుంటుకుంటూ బయటికి పోయి, దుంగని భుజంమీద మోసుకొచ్చి సూరయ్య ముందు పడేశాడు.

దానికి కొబ్బరితాడు రెండు చుట్లు చుట్టి, బిగించి ముడేసి ఉంది.

దాలమ్మ ఆ తాడు సంగతే మరిచిపోయింది. నెలరోజులుగా రోజూ చేత్తో పట్టుకుంటున్నదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు.

సూరయ్య ముందుకి వంగి వేళ్ళతో ముడి తడిమి చూశాడు. అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి చూశాడు.

"ఈ ముడి ఆడోళ్ళేసింది కాదు," అన్నాడు.

అందరూ గంగులు వైపు తిరిగారు. గంగులు పాక కప్పులో తాటాకులు లెక్కపెడుతున్నవాడిలా పైకి చూస్తున్నాడు.

"ఒరే గంగులూ. ఇది నాను నీకు నేర్పిన ముడి. తెప్ప ముందుకొసకి ఏసే ముడి."

"నాకొచ్చింది అదొక్కటే ముడన్నా," అన్నాడు గంగులు. "దాని సేతులు జారిపోతన్నాయి. పడిపోతందని ఏసినాను."

ఈసారి పాకంతా విరగబడి నవ్వింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డంపెట్టుకున్నారు. గంగులు చెవులు ఎర్రబడ్డాయి. పోతురాజు ఒక్కడే నవ్వలేదు, నవ్వులు తగ్గేదాకా ఓపికపట్టి చూశాడు.

"పెద్దోడి నోటంటనే వచ్చేసింది మాట," అన్నాడు. "కట్టు పడితే తెప్ప. అదిగో కట్టు."

సూరయ్య మొహం చూస్తే, అన్నమాట వెనక్కి తీసుకునే దారి ఆయనకి లేదని తెలుస్తోంది. దాలమ్మకి భయం వేసింది. తప్పు కింద గంగమ్మకి కొబ్బరికాయో కోడిపుంజో ఇమ్మంటే ఇచ్చేస్తుంది, దాని గురించి కాదు. రేపట్నుంచి మళ్ళీ ఆ దిబ్బమీద నిలబడి చూస్తూ ఉండడమే. నెల కిందటైతే అది ఆవిడకి బాధే కాదు. ఇప్పుడు అవతల్నుంచి చూసి వచ్చింది.

"బావా," అంది. గొంతు తగ్గిపోయింది. "నాను సేపలమ్ముకు బతికినదాన్ని. ఈ సముద్రం కూడే తిన్నాను. దాన్ని ముట్టుకోకుండానే ముసిల్దాన్నయిపోయినాను. ఇప్పుడు ముట్టుకున్నాను. నన్ను ఆపకు."

సూరయ్య వంగి దుంగని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చేత్తో నిమిరి చూశాడు. ఆయన తుంటి పడిపోయాక దుంగని అంత దగ్గరగా చూడ్డం అదే మొదలేమో.

"సేపల మాట ముందు సెప్తాను," అన్నాడు చివరికి. "నాను ఏభయ్యేళ్ళు ఈ నీళ్ళమీద తిరిగినాను. ఆడోళ్ళందరూ బుద్దిగా ఇళ్ళల్లో కూకున్నప్పుడు కూడా వారాల తరబడి కాళీ వల్తో వచ్చినాను. సేప రాకపోడానికి సేపకి దాని కారణాలుంటాయి. పోతే కట్టు మాట. కట్టుతో ఎక్కినారు కాబట్టి గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాల. ఆ కాయ ముడేసినోడే కొట్టాల. ఒరే గంగులూ, ఇన్నావా?"

"ఇన్నానన్నా."

"ఇంక ఇకమీదటి మాట. ఆ కట్టిప్పించేస్తాను. కట్టు నేకుండా పెద్దకెరటం ఎక్కి గట్టు సేరితే అది కర్రే. కర్రతో ఎవులు ఆడుకుంటే ఎవులికేటి. కట్టు నేకపోతే రానేనంటే మాత్రం అది తెప్ప కిందే నెక్క. పొయ్యిలోకి పోతాది, మీరు గట్టుమీదికి పోతారు. మూడుసార్లు ఎక్కనిస్తన్నాను. మూడే."

"నాను ఎక్కుతాను మావా," అని నీలవేణి ముందుకొచ్చింది. ఆ పిల్ల తాడు లేకుండానే నిలబడి రాగలదు.

"నువ్వు కాదు," అన్నాడు పోతురాజు వెంటనే. "తాడు ఎవులికోసం కట్టినారో ఆళ్ళే ఎక్కాల."

అందులో తప్పుపట్టడానికేమీ లేదు. సూరయ్య తలూపాడు.

ఊరంతా ఇసకలోకి వచ్చింది. సూరయ్యని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి బోర్లించిన గంపమీద కూచోబెట్టారు. మధ్యాహ్నపు గాలి లేచి కెరటాలు పొద్దుటికంటే మోటుగా ఉన్నాయి. గంగులు వంగి ముడి విప్పుతున్నాడు. నీళ్ళు తాగి బిగుసుకున్న ముడి ఓ పట్టాన రాలేదు. రాకపోతే బాగుణ్ణని కూడా ఆయన అనుకున్నట్టుంది. దాలమ్మ గుప్పిట్లో చుట్ట ఆయన చేతిలో పెట్టి, చీర గోచీ బిగించుకుని, దుంగ తోసుకుంటూ నీళ్ళలోకి నడిచింది. నీలవేణి పక్కనే ఈదుతూ వెళ్ళింది.

మొదటిసారి గాభరా పడింది. కెరటం ఇంకా పూర్తిగా లేవకముందే మోకాళ్ళమీద లేవబోయింది, దుంగ ముందుకి మునిగి ఆవిణ్ణి అటు విసిరేసింది. గట్టుమీద పోతురాజు ఒక వేలు మడిచి చూపించాడు.

రెండోసారి బాగానే ఎక్కింది. మోకాళ్ళమీద లేచింది. అలవాటుకొద్దీ చేతులు తాడుకోసం వెతికాయి. తాడులేదు. నున్నటి కర్రమీద రెండు చేతులూ ఒకేసారి జారిపోయి మొహం ముందుకి పడింది, వెనకాల కెరటం మీదికి కూలింది. ఈసారి చాలాసేపు కిందే ఉంది. గట్టుమీద అంతా లేచి నిలబడ్డారు. నీలవేణి మునిగి జబ్బ పట్టుకుని పైకి లాగితే దగ్గుకుంటూ తేలింది.

పెద్దకెరటం అవతల ఇద్దరూ దుంగకి చెరోపక్క వేలాడుతూ ఊపిరి తీసుకున్నారు.

"నావల్ల కాదే," అంది.

"అత్తా, సేతులకి పని సెప్పకు," అంది నీలవేణి. "ఆటికి ఇక్కడ పని నేదు. కాళ్ళకి సెప్పు. మా ఊళ్ళో దోనెలో నిలబడినోళ్ళు దేన్నీ పట్టుకోరు. పట్టుకుంటే పడతారు."

"పట్టుకుంటే పడతారేటే?"

"పట్టుకున్నోడు వంగిపోతాడు. వంగితే పడతాడు."

దాలమ్మ దుంగమీదికి ఎక్కి పడుకుంది. ఒక కెరటం వదిలేసింది. ఇంకోటీ వదిలేసింది. గట్టుమీద ఎవరో ఆవిడకి ధైర్యం పోయిందని అన్నారు. మూడోది దూరాన నల్లగా లేచింది. నీలవేణి దుంగని వెనకనుంచి తోసింది.

కెరటం దుంగ కిందికి రాగానే దాలమ్మ మోకాళ్ళమీద లేచింది. చేతులకి పట్టుకోడానికేమీ లేదు. ఏం చెయ్యాలో తోచక అవి వాటంతటవే రెండువైపులా చాపుకున్నాయి. చేతులు చాపుకున్నాక నడుం నిటారయింది. నడుం నిటారయ్యాక ఒక కాలు ముందుకొచ్చింది, రెండోది దాని వెనకే వచ్చింది. ఆవిడ నిలబడింది. తను నిలబడ్డానని ఆవిడకి తెలిసేసరికి సగం దూరం వచ్చేసింది. గట్టు తనవైపు పరుగెత్తుకొస్తోంది. ఇళ్ళు పెద్దవవుతున్నాయి, మనుషులకి మొహాలు వస్తున్నాయి. లక్ష్మణమ్మ రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. దాలమ్మకి కడుపులోంచి కేక వచ్చింది, ఆపుకోలేదు. గంపలో చేపలు పెట్టుకుని ఊళ్ళమీద అరిచే కేక కాదది, ఆ కేకలో అమ్మేదేమీ లేదు. మొదటి వరస పిల్లల కెరటాల్లోంచి కూడా అలాగే నిలబడి వచ్చింది. దుంగ ఇసకలో గీసుకుని ఆగాక, మెట్టు దిగినట్టు నేలమీదికి దిగింది.

అంతా సూరయ్యవైపు చూశారు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ కనిపించాడు, గాలికి ఇసక పడిందనుకోవాలి.

"కర్రే," అన్నాడు.

అప్పుడు మొదలైంది గోల. ఆడవాళ్ళు చీరలు తడుస్తాయని కూడా చూడకుండా నీళ్ళలోకి దిగిపోయారు. తవిటమ్మ ఎవరికో దుంగమీద ఎలా పడుకోవాలో అప్పుడే నేర్పడం మొదలుపెట్టింది. పోతురాజు కాసేపు నిలబడి చూసి, "మా ఇంటిదానికి సెప్పకండి," అని పక్కవాడితో అన్నాడు. వాళ్ళావిడ అప్పటికే నడుంలోతు నీళ్ళలో ఉంది.

దాలమ్మ గంగులుకోసం చూసింది. ఆయన ఆ గోలలో లేడు. దిబ్బమీద ఆవిడ రోజూ నిలబడేచోట ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆవిడే దుంగ ఈడ్చుకుంటూ దగ్గరికి వెళ్ళింది. చేతిలో చుట్ట కాలి వేళ్ళదాకా వచ్చినా ఆయనకి తెలియలేదు. మొహం పాలిపోయి ఉంది.

"ఏటలగున్నావు? వచ్చేసినాను కదా," అంది.

"రెండోపాలి మునిగినప్పుడు నువ్వెంతకీ పైకి రానేదు," అన్నాడు గంగులు. "గట్టుమీద నిలబడి సూడ్డం ఇంత కస్టమని నాకు తెల్దే."

దాలమ్మ ఆయన మొహంలోకి చూసింది. ముప్పైఅయిదేళ్ళలో ఆ మొహం అలా చూడడం అదే మొదటిసారి. ఆవిడకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది, రెండిట్లో దేన్నీ ఆపుకోలేదు.

"నీకు ఈ ఒక్క పూటే," అంది ఆయన వేళ్ళమధ్యనుంచి చుట్ట లాగి పారేస్తూ. "ఉండు, ఇంకో కెరటం ఎక్కొస్తాను. అంతవరకూ ఇక్కడే నిలబడు, కదలకు."

దుంగ తిప్పుకుని సముద్రంలోకి వెళ్ళిపోయింది. గంగులు కళ్ళకి చెయ్యి అడ్డంపెట్టుకుని, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.